చేపలతొట్టికి కావలిగంట

ఇంటియందొక గాజుతొట్టి నుంచి అందు బంగారుచేపలను, రంగురంగుల చిన్నచేపలను పెంచుట నేడు మన పట్టణములలో సామాన్యమైన వేడుక. పిల్లలకది వినోదము, ప్రకృతిశాస్త్రము చదువువారికది చిన్న ప్రయోగశాల. కాని చెరువునందలి చేపకును తొట్టియందలి చేపకును ఒక గొప్ప భేదము గలదు. చెరువునందు గాలియు, అలయు, వానయు, నాచును చేపకు ఊపిరి నిచ్చుచుండును. తొట్టియందలి చేపకు ఊపిరి నిచ్చునది గోడకున్న ప్లగ్గునుండి వచ్చు విద్యుత్తు. ఆ విద్యుత్తు నడిరేయి ఆగిపోయినచో ఇంటివారు ఉక్కకు మేల్కొని విసనకర్ర కొరకు వెదకుదురే గాని తొట్టివైపు చూడరు. కుక్క మొరుగును, ఆవు అరచును, శిశువు ఏడ్చును. చేప యేమియు ననజాలదు. కావున దానికి బదులుగా అరచు నొక గంటను మనమే యేర్పరుపవలెను. ఆ గంటను కట్టు విధమును, దాని వెనుక నున్న న్యాయమును ఈ వ్యాసమున వివరింతుము.

విద్యుత్తు లేని తొట్టి

తొట్టిలో చేపలను పెంచుటకు విద్యుత్తు మొదటినుండియు కావలసియుండలేదు. రాబర్టు వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో లండను నగరమున నొక తొట్టియందు రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచెను. కుళ్లిన యాకులవలన నీరు చెడుట చూచి నత్తలను గూడ చేర్చెను. మొక్క వెలుతురునందు ప్రాణవాయువును విడచును. చేప దానిని పీల్చి బొగ్గుపులుసుగాలిని విడచును. దానిని మొక్క గ్రహించును. నత్త కుళ్లిన యాకును తినును. ఈ సమతౌల్యమును గూర్చి యాతడు 1850లో లండనునందలి రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించెను. పిమ్మట 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథమువలన ‘ఆక్వేరియము’ అను పేరు లోకమున వ్యాపించెను.

వారింగ్టన్ తొట్టియందున్నవి రెండే చేపలు. మనమో, అంతే తొట్టియందు ఇరువది చేపలను నింపుచున్నాము. ఆ పదునెనిమిది చేపల భారమును మోయునవి గాలిపంపు, వడపోత మోటారు మొదలగు యంత్రములు. కాబట్టి యంత్రమాగిన క్షణమున మన తొట్టికి వారింగ్టన్ తొట్టికున్న నెమ్మది యుండదు. ఈ విషయమును ముందుగా లెక్కవేసి చూతము.

ఎంత వ్యవధి గలదు?

నీటియందు ప్రాణవాయువు కరగియుండును. కాని మిక్కిలి కొంచెము. మంచినీరు 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడియందు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టియుంచగలదు. 30 డిగ్రీల యందు అది సుమారు 7.6 మిల్లీగ్రాములకు దిగును. నీరు వేడెక్కినకొలది వాయువు తగ్గును. చేప దేహమునకు కావలసిన వాయువు మాత్రము హెచ్చును. అందుచేత చలిదేశమున వ్రాసిన పుస్తకములు చెప్పు గడువులు మన వేసవి రాత్రులకు చెల్లవు.

60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టి ఘనపరిమాణము 54 లీటర్లు. పైన కొంచెము ఖాళీ విడచి అందు 50 లీటర్ల నీరు పోసితిమనుకొందము. 30 డిగ్రీల యందు ఆ నీటిలోని ప్రాణవాయువు 50 × 7.6, అనగా 380 మిల్లీగ్రాములు. అందున్న చేపల మొత్తపు బరువు అరకిలో యనియు, కిలో బరువు గల చేపలు గంటకు 200 మిల్లీగ్రాములు పీల్చుననియు లెక్క కొరకు అనుకొందము. అప్పుడు చేపలు గంటకు 100 మిల్లీగ్రాములు వాడుకొనును. రెండుగంటలు గడచునప్పటికి సగమునకు పైగా వాయువు ఖర్చగును. నీటి పైభాగమునుండి కొంత వాయువు లోనికి దిగుచుండుటచే వ్యవధి కొంచెము పెరుగును. నీటియందలి సూక్ష్మజీవులును రాత్రివేళ మొక్కలును వాయువును పీల్చుటచే తరుగును. సరిగా ఇన్ని నిమిషములని యెవరును చెప్పజాలరు. కాని మన కున్నది దినములు గాదు, గంటలు మాత్రమే యని తెలిసికొనుటకు ఈ లెక్క చాలును. చేపలు సగమైనచో వ్యవధి రెట్టింపగునని గూడ దీనివలన తెలియుచున్నది.

అన్ని చేపలును ఒక్కతీరుగా బాధపడవు. గురామి, ఫైటరు చేప, మన కొర్రమీను నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలవు. బంగారుచేప మొదలగునవి నోరు పైకెత్తి నీటి పైపొరను మాత్రము పీల్చి కొంతసేపు నిలువగలవు. అట్లు నోరెత్తి తిరుగుటయే వాని మొర, దానిని చూచువారుండవలెను.

వడపోత పెట్టెయందు మరియొక యపాయము గలదు. చేపల మలమూత్రములనుండి పుట్టు అమ్మోనియా విషము. వడపోతలోని రాళ్లను, స్పాంజిని పట్టుకొని యుండు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. వానికిని ప్రాణవాయువు కావలెను. మోటారు ఆగి నీరు కదలనప్పుడు మూతబిగించిన పెట్టెలో ఆ సూక్ష్మజీవులు కొన్ని గంటలలో నశింప మొదలిడును. ఆ రాత్రి బ్రదికిన చేపలు మూడవనాడో నాలుగవనాడో అమ్మోనియా చేత చచ్చుటకు ఇది కారణము. ఇంటివారు దానికిని విద్యుత్తు పోయిన రాత్రికిని సంబంధమున్నదని యెరుగరు.

విద్యుత్తు పోవు విధములు

గంట కట్టబోవువాడు మొదట శత్రువు ఏ దారులను వచ్చునో తెలిసికొనవలెను.

మొదటిది, వీధి యంతటికి విద్యుత్తు పోవుట. ఇది అందరికి తెలియును. రెండవది, ఇంటియందు దీపములు వెలుగుచుండగనే తొట్టికి వచ్చు తీగమీది మీట మాత్రము పడిపోవుట. మన ఇండ్లలో భూమికి కారు విద్యుత్తును పసిగట్టి తెగు ఆర్.సి.సి.బి. అను మీట యుండును. సాధారణముగా ఇండ్లలో పెట్టునది 30 మిల్లీ ఆంపియరులు కారగనే విద్యుత్తును త్రెంచి మనుష్యుని ప్రాణము కాపాడును. నీటిలో మునిగియుండు హీటరు గాజు చిట్లినచో అది తెగును, తెగవలెను గూడ. కాని అదే బోర్డునందున్న గాలిపంపును దానితోపాటు ఆగిపోవును. మూడవది, ప్లగ్గు వదులగుట, లేక ఇల్లూడ్చువారు ప్లగ్గు తీసి మరల పెట్ట మరచుట. నాలుగవది, విద్యుత్తు వచ్చుచున్నను మోటారు బిగుసుకొనిపోవుట. ఐదవది, పోయిన విద్యుత్తు తిరిగివచ్చినను మోటారు తిరిగి కదలకుండుట.

వీనిలో మొదటిది మాత్రమే ఇంటివారి కంటబడును. రెండవదియు మూడవదియు చీకటి లేకుండ వచ్చు ఆపదలు. కావున ఇంటి దీపమును చూచి తొట్టి క్షేమమును నిర్ణయింపరాదు. గంట తొట్టిపంపు ఉన్న బోర్డునందే విద్యుత్తును కనిపెట్టవలెను.

ఆగినప్పుడు మ్రోగు గంట

ఇక అసలు న్యాయము. విద్యుత్తు చేత మ్రోగు గంట విద్యుత్తు లేనప్పుడెట్లు మ్రోగును? కావలివాడు దొంగచేతి జీతము తినరాదు. గంట తాను దేనిని కనిపెట్టుచున్నదో దానిమీదనే ఆధారపడరాదు. దానికి వేరుగా బ్యాటరీ యుండవలెను. అంతేగాక, విద్యుత్తు ఉన్నంతకాలము గంట నోరు మూసి పట్టియుంచవలెను. విద్యుత్తు పోగానే ఆ పట్టు దానంతటదే విడిపోవలెను.

ఈ ఉపాయమును రైలుమార్గముల వారు చాలకాలము క్రిందటనే కనుగొనిరి. అమెరికా దేశస్థుడైన విలియం రాబిన్సన్ 1872లో రైలుపట్టాల గుండ విద్యుత్తును ప్రవహింపజేయు నొక పద్ధతికి హక్కుపత్రము పొందెను. పట్టాలలో ప్రవాహమున్నంతవరకు ఒక విద్యుదయస్కాంతము సిగ్నలును ‘దారి సుగమము’ అను స్థితియందు నిలిపియుంచును. బండి వచ్చి చక్రములతో ప్రవాహమును అడ్డగించినను, పట్టా విరిగినను, తీగ తెగినను, బ్యాటరీ అయిపోయినను అయస్కాంతము విడిపోయి సిగ్నలు ‘ఆగుము’ అని చూపును. యంత్రము చెడినచో చెడుట క్షేమమువైపునకే యగునట్లు అమర్చుట ఇందలి విశేషము. మన చేపలగంటయు ఈ కుటుంబమునకు చెందినదే.

గంట కట్టు విధము

కావలసిన వస్తువులు: 5 వోల్టులనిచ్చు పాత సెల్ ఫోను చార్జరు ఒకటి, 5 వోల్టుల రిలే ఒకటి, 9 వోల్టుల బ్యాటరీయు, దానితో పలుకు బజరును, మేడమెట్ల దీపమునకు వాడునట్టి రెండుదారుల స్విచ్చి ఒకటి.

ఒక హెచ్చరిక. 230 వోల్టుల తీగను విద్యార్థులు విప్పరాదు, కోయరాదు. చార్జరు ఆ విద్యుత్తును తనలోనే యుంచుకొని మనకు 5 వోల్టులు మాత్రమే యిచ్చును గనుక దానినే వాడుచున్నాము. పెద్దవారు దగ్గర నుండగా పనిచేయవలెను. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు అందలి యంత్రముల ప్లగ్గులన్నియు తీయవలెను. ప్రతి తీగయు ప్లగ్గు కంటె క్రిందికి ఒక వంపు వ్రేలాడి మరల పైకి పోవునట్లు ఉంచవలెను; అప్పుడు తీగవెంట జారు నీటిబొట్టు ఆ వంపుకడ నేలబడును గాని ప్లగ్గులోనికి పోదు.

రిలే యనగా ఇనుపకమ్మికి చుట్టిన తీగయు, దానిచే ఆకర్షింపబడు చిన్న రేకును. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించునప్పుడు ఇనుము అయస్కాంతమై రేకును లాగును. ప్రవాహమాగగనే స్ప్రింగు రేకును వెనుకకు తీయును. రిలేకు ఐదు కొనలుండును. రెండు తీగచుట్టవి. మూడవది రేకునకు చెందిన సామాన్యపు కొన. దీనికి ‘సి’ లేక ‘కాం’ అని గురుతుండును. ప్రవాహము లేనప్పుడు రేకు తాకునది ‘ఎన్.సి.’ అను కొన. ప్రవాహమున్నప్పుడు తాకునది ‘ఎన్.ఓ.’ అను కొన.

చార్జరు తీగయొక్క రెండు కొనలను రిలే తీగచుట్టకు కలుపుము. చార్జరును గాలిపంపున్న బోర్డునందే పెట్టుము. బ్యాటరీ ధనధ్రువమును సామాన్యపు కొనకు కలుపుము. ఎన్.సి. కొనను స్విచ్చి యొక్క ఒక ప్రక్కకును, ఎన్.ఓ. కొనను రెండవ ప్రక్కకును కలుపుము. స్విచ్చి నడిమి కొననుండి తీగను బజరునకును, బజరునుండి బ్యాటరీ ఋణధ్రువమునకును తెమ్ము. ఇంతతో పని ముగిసినది.

ఇప్పుడిది యెట్లు నడచునో చూడుము. విద్యుత్తు ఉన్నది, రేకు ఎన్.ఓ. వైపున నున్నది, స్విచ్చిని ఎన్.సి. వైపున నుంచితిమి. దారి కలియలేదు, బజరు పలుకదు. విద్యుత్తు పోయెను; రేకు ఎన్.సి. వైపునకు దూకెను, బజరు మ్రోగెను. ఇంటివారు లేచి తొట్టిని చూచి, చప్పుడు ఆపుటకు స్విచ్చిని ఎన్.ఓ. వైపునకు త్రిప్పుదురు, నిశ్శబ్దము. కొంతసేపటికి విద్యుత్తు తిరిగివచ్చెను. రేకు మరల ఎన్.ఓ. వైపునకు వచ్చెను, బజరు మరల మ్రోగును. దానిని ఆపవలెనన్నచో స్విచ్చిని మొదటి చోటికి త్రిప్పక తప్పదు.

ఈ రెండవ మ్రోతయే ఈ యమరికలోని మేలు. సామాన్యపు స్విచ్చిని పెట్టినచో రాత్రి చప్పుడు భరింపలేక దానిని ఆపినవారు ఉదయము తిరిగి తెరచుట మరతురు. మరునాటి ఆపదకు గంట మూగయై యుండును. ఇందు అట్లు మరచుటకు వీలులేదు. పైగా ఆ మ్రోత మనలను తొట్టియొద్దకు పిలుచును గనుక, పంపు మరల కదలినదో లేదో అప్పుడే చూడవచ్చును. పైని చెప్పిన ఐదవ యాపదకు ఇదియే మందు.

ఖర్చు స్వల్పము. తీగచుట్ట నిరోధము సుమారు 70 ఓములు. ఓము నియమము ననుసరించి 5 వోల్టులను 70తో భాగింపగా 0.07 ఆంపియరు, అనగా సుమారు 0.36 వాట్లు. 30 దినములకు 720 గంటలు గనుక నెలకు పావు యూనిటు మాత్రమే. చార్జరులో వృథాయగునది ఇంకను కొంచెముండును. బ్యాటరీ మ్రోగునప్పుడే ఖర్చగును. ఐనను సంవత్సరమునకొకసారి మార్చుట మేలు.

గంట వినువారు లేనప్పుడు

ఇల్లు తాళము వేసియున్నప్పుడు బజరు గోడలకే వినబడును. అట్టివారు వాట్లను కొలిచి ఇంటర్నెట్టు ద్వారా సెల్ ఫోనునకు తెలుపు స్మార్ట్ ప్లగ్గులను కొనుచున్నారు. అవి యుపయోగకరములే. 100 వాట్ల హీటరు గంటలకొలది ఎడతెగక విద్యుత్తు పీల్చుచున్నచో దాని థెర్మోస్టాటు బిగుసుకొన్నదేమో యనియు, చలిరాత్రి యంతయు సున్న చూపినచో హీటరు తెగినదనియు ఊహింపవచ్చును.

కాని వీధి విద్యుత్తు పోయినప్పుడు ఆ ప్లగ్గును, ఇంటిలోని రూటరును రెండును ఒక్కసారే ఆగును. వార్త పంపవలసినవాడే మూర్ఛపోయినాడు. ఫోనుపై ఏ వార్తయు రాకుండుటను చూచి ‘అంతయు క్షేమము’ అని యజమాని సంతోషించును! కావున ఇచ్చట న్యాయమును తలక్రిందు చేయవలెను. ప్లగ్గు ఐదు నిమిషముల కొకసారి ‘ఉన్నాను’ అని దూరముననున్న యంత్రమునకు చెప్పుచుండవలెను; ఆ మాట పదిహేను నిమిషములు వినబడనిచో ఆ దూరపు యంత్రమే యజమానిని లేపవలెను. రాత్రి గస్తీవాడు గంటగంటకు కేక వేయుటయు ఇందుకే; కేక వినబడనప్పుడు ఊరు మేల్కొనవలెను. అంత యేర్పాటు చేయలేనివారు సిమ్ కార్డు గల పాత సెల్ ఫోనును తొట్టి బోర్డునందు చార్జరుకు పెట్టియుంచి, చార్జింగు ఆగగనే సందేశము పంపునట్లు అమర్చవచ్చును. దానికి తన బ్యాటరీయు తన దారియు గలవు. ఇంటి రూటరుతో పనిలేదు.

నాలుగవ యాపద మిగిలినది. మోటారు బిగుసుకొనిపోయినను విద్యుత్తును పీల్చుచునే యుండును. వాట్ల అంకె అంతగా మారకపోవచ్చును. అప్పుడు ప్లగ్గును రిలేయు రెండును ‘క్షేమము’ అనియే చెప్పును. నీటి ప్రవాహమును, బుడగలను కంటితో చూచుట తప్ప దీనికి సులభమైన సాధనము లేదు. ఉదయము నొకసారి, పరుండబోవునప్పు డొకసారి చూచుటకు అరనిమిషము చాలును.

గంట మ్రోగిన పిమ్మట

గంట వైద్యుడు గాదు. వైద్యుని పిలుచువాడు మాత్రమే. మ్రోగినప్పుడు చేయదగిన పనులను తొట్టి ప్రక్కన వ్రాసి యంటించుట మంచిది. బ్యాటరీతో నడచు గాలిపంపు ఉన్నచో దానిని పెట్టుము. లేనిచో చెంబుతో తొట్టినీటినే ముంచి, జానెడెత్తునుండి తిరిగి పోయుచుండుము. ధార గాలిని లోనికి తీసికొనిపోవును. మేత వేయకుము, తిన్న చేపకు వాయువు ఎక్కువ కావలెను, మలము నీటిని చెరుపును. చాలసేపు ఆగిన వడపోత పెట్టెను అట్లే నడిపింపక, విప్పి, అందలి స్పాంజిని తొట్టినుండి తీసిన నీటితో కడిగి పెట్టుము. కుళాయినీటియందలి క్లోరిను మిగిలిన సూక్ష్మజీవులను గూడ చంపును.

12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి యుండును. అందు సగమే వాడదగినదనుకొన్నను 4 వాట్ల చిన్న గాలిపంపును పదిగంటలు నడుపును. అదే బ్యాటరీకి 100 వాట్ల హీటరును తగిలించినచో అరగంటయైనను నిలువదు. ముందు ఊపిరి, పిమ్మట వెచ్చదనము.

ఐనను బ్యాటరీకిని మేర గలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు అనేక వీధులకు దినములకొలది విద్యుత్తు లేదు. సెల్ ఫోనులు సహితము పలుకలేదు. అట్టి దినములలో నిలుచునది తక్కువ చేపలు, ఎక్కువ నీరు, పచ్చని మొక్కలు గల తొట్టియే. వారింగ్టన్ తొట్టి మనకు నేర్పు పాఠమిది: గంట యుండవలెను, గంట లేకున్నను కొంతకాలము నిలువగల తొట్టియు నుండవలెను.

నెలకొక పరీక్ష

పరీక్షింపని గంట గంట గాదు. ప్రతినెల మొదటి శనివారమున, అందరు చూచుచుండగా, తొట్టి బోర్డు ప్లగ్గును తీయుము. బజరు మ్రోగవలెను. పరుండు గదిలో తలుపు మూసికొని విన్నను వినబడవలెను. స్విచ్చిని త్రిప్పి ఆపి, ప్లగ్గును తిరిగి పెట్టుము, మరల మ్రోగవలెను. స్విచ్చిని మొదటి చోటికి తెచ్చి, పంపు బుడగలు వచ్చుచున్నవో లేదో చూడుము. తేదీని ఒక కాగితముపై వ్రాయుము. ఏ నెల తేదీ లేదో ఆ నెల కావలివాడు నిద్రించెనని తెలిసికొనుము.

విద్యార్థులారా! మన చెరువులనుండియు నదులనుండియు తీసి ఆ జీవులను గాజుగోడల నడుమ నుంచినది మనము. వాని గాలిని ఒక తీగకు కట్టినదియు మనమే. ఆ తీగ తెగినప్పుడు మేల్కొనుట దయ గాదు, అప్పు తీర్చుట. ఇరువదియేండ్లు గాజుతొట్టిని చూచి యానందించిన యింటియందైనను ఈ చిన్న గంట లేకున్నచో, ఈ సెలవులలో ఒక మధ్యాహ్నము కూర్చుండి కట్టుడు.